శాపమా, దీవెనా? బైబులు నిబంధన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులోనూ బెజవాడలోనూ సత్యోపదేశం చెబుతూ ఇన్నేళ్ళలో నేను ఎక్కువగా విన్న ప్రశ్న త్రిత్వం గురించి కాదు, ఉత్తరించు స్థలం (చనిపోయాక ఆత్మలు శుద్ధి పొందే స్థితి) గురించీ కాదు. ఆదివారం పూజ అయ్యాక అందరూ వెళ్ళిపోయే దాకా ఆగి, గుడి మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ, గొంతు తగ్గించి అడుగుతారు: "మా ఇంటికి శాపం ఏమైనా ఉందంటారా?" అలా అడిగినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. జవాబులన్నీ ఒకే పొడవులో ఉండవు. కొన్నిటికి రెండు మాటలు చాలు, కొన్నిటికి రెండు పేజీలు కావాలి.

నిబంధన అంటే ఒప్పందం లాంటిదేనా?

కొంతవరకే. గుంటూరు మిర్చి యార్డులో రైతుకీ వ్యాపారికీ మధ్య జరిగేది ఒప్పందం. ఇన్ని టిక్కీలు (బస్తాలు), క్వింటాకి ఇంత రేటు, తూకం అయింది, డబ్బు చేతికొచ్చింది, ఎవరి దారి వాళ్ళది. నిబంధన పెళ్ళి లాంటిది. అక్కడ ఇచ్చిపుచ్చుకునేది సరుకు కాదు, మనుషులు తమను తామే ఇచ్చుకుంటారు. "నేను మీకు దేవుడనై ఉంటాను, మీరు నాకు ప్రజలై ఉంటారు" అన్న మాట పాత నిబంధనలో పదేపదే వస్తుంది. లేవీయకాండం 26లో, యిర్మీయా 31లో, యెహెజ్కేలులో కూడా ఉంది. దీవెనలు, శాపాలు ఈ బంధం లోపలి సంగతులు. బంధం పక్కన పెట్టి వాటిని విడిగా చదివితే దీవెన లాటరీ టికెట్టు అవుతుంది, శాపం చేతబడి అవుతుంది.

మన కథల్లో ముని శపిస్తాడు. బైబులు శాపం కూడా అలాంటిదేనా?

మనం చిన్నప్పటి నుంచి విన్న కథల్లో శాపం అంటే కోపంలో నోరు జారిన మాట. ఒకసారి అన్నాక అన్నవాడు కూడా వెనక్కి తీసుకోలేడు, శాపవిమోచనం మాత్రం చెప్పగలడు. ఆ మాటకే ఒక శక్తి ఉంటుంది. మనకు తెలియకుండానే బైబులు చదివేటప్పుడు కూడా ఈ ఊహనే వెంట తెచ్చుకుంటాం.

మోషే చదివి వినిపించిన శాపాలు అలాంటివి కావు. అవి ముందే చెప్పినవి, అందరి ఎదుట చదివినవి, విన్నవాళ్ళు "ఆమెన్" అని ఒప్పుకున్నవి. కోపం వచ్చాక పుట్టిన మాటలు కావు, బంధం మొదలైన రోజే పత్రంలో రాసుకున్న షరతులు. "ఈ దారిన పోతే నీకు ఇది జరుగుతుంది, పోవద్దు" అని చెప్పడం అది. బావి గట్టు మీద ఆడే పిల్లాణ్ణి చూసి తల్లి "పడతావురా!" అని అరిస్తే, పడాలని శపించినట్టు కాదు కదా.

హీబ్రూలో శాపానికి వాడే మాటల్లో ఒకటి "కెలాలా". దాని ధాతువుకు "తేలిక" అని అర్థం. ఎదుటివాణ్ణి తేలిక చేయడం, వాడి బరువు తీసేయడం. ఘనతకు వాడే "కావోద్" అన్న మాటకు మూలం "బరువు". మనం కూడా "నన్ను తేలిక చేసి మాట్లాడాడు" అంటాం. అందుకే ఈ మాట తెలుగువాళ్ళకు వివరించడం సులువు.

ఏబాలు, గెరిజీము కొండల మీద అసలు ఏం జరిగింది?

ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయం తెరవండి. షెకెము దగ్గర ఎదురెదురుగా రెండు కొండలు, మధ్యలో లోయ. షిమ్యోను, లేవి, యూదా, ఇస్సాఖారు, యోసేపు, బెన్యామీను గోత్రాలు దీవెన కోసం గెరిజీము మీద నిలబడాలి. రూబేను, గాదు, ఆషేరు, జెబూలూను, దాను, నఫ్తాలి గోత్రాలు శాపం కోసం ఏబాలు మీద నిలబడాలి. లేవీయులు గట్టిగా పన్నెండు శాపాలు చదువుతారు. ప్రతి శాపానికీ జనమంతా "ఆమెన్" అనాలి. మోషే ఆజ్ఞాపించిన ఈ పనిని తర్వాత యెహోషువ నెరవేర్చాడు. అది యెహోషువ గ్రంథం 8వ అధ్యాయం చివర్లో ఉంది.

ఆ పన్నెండులో ఏమున్నాయో చూడండి. తల్లిదండ్రులను అవమానించేవాడు. పొరుగువాడి సరిహద్దు రాయి జరిపేవాడు. గుడ్డివాణ్ణి దారి తప్పించేవాడు. పరదేశికి, తండ్రి లేని పిల్లలకు, విధవరాలికి న్యాయం తప్పించేవాడు. చాటున పొరుగువాణ్ణి కొట్టి చంపేవాడు. లంచం పుచ్చుకుని నిర్దోషి ప్రాణం తీసేవాడు. వీటిలో చాలావరకు ఎవరూ చూడకుండా చేసే పనులే. రాత్రికి రాత్రి గట్టు అర గజం జరిపితే సాక్షి ఎవరు? ఊళ్ళో పెద్దమనుషులకు అందని పాపాలను దేవుడు తన లెక్కలోకి తీసుకుంటున్నాడు.

ఒకసారి మా బైబులు తరగతిలో ఈ సరిహద్దు రాయి వచనం చదివితే, వెనక బెంచీలో కూర్చున్న ఒక పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. తరగతి అయ్యాక వచ్చి, "మా పొలం గట్టు మా నాన్న జరిపాడమ్మా, నాకు తెలుసు" అన్నాడు. భూమి ధరలు పెరిగాక ఆ అర గజానికి ఇప్పుడు ఎంత విలువో ఆయనకు బాగా తెలుసు. తర్వాత సర్వేయరును పిలిపించి కొలిపించాడు. శాపం వచనం చేయాల్సిన పని అదే. ఆయన్ను భయపెట్టి ఇంటికి పంపలేదు, గట్టు దగ్గరికి పంపింది.

ఇక చాలామంది గమనించకుండా దాటిపోయే సంగతి ఒకటి ఉంది. బలిపీఠం ఏ కొండ మీద కట్టమన్నాడు? దీవెనల కొండ మీద కాదు. ఏబాలు మీద, అంటే శాపాల కొండ మీద (ద్వితీయో. 27:4-5). ఉలి తగలని రాళ్ళతో కట్టి, దహనబలులు, సమాధానబలులు అర్పించి, అక్కడే భోంచేసి సంతోషించమన్నాడు. శాపం ఎక్కడ చదువుతారో అక్కడే బలి, అక్కడే విందు. నేను ఈ అధ్యాయం ఎన్నిసార్లు చదివినా ఇక్కడ ఆగిపోతాను. యేసును సిలువ వేసిన కల్వరి కొండ ఇక్కడి నుంచే కనిపిస్తుంది.

దీవెనలు తక్కువ, శాపాలు ఎక్కువ ఎందుకు?

28వ అధ్యాయంలో దీవెనలు 14 వచనాలు, శాపాలు 54 వచనాలు. లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. అయితే ఆ కాలపు రాజుల సంధి పత్రాలు చూస్తే ఇది మామూలే. హిత్తీయ చక్రవర్తులు సామంతులతో చేసుకున్న సంధుల చివర్లో దీవెనలూ శాపాలూ ఉండేవి. అష్షూరు రాజు ఎసర్హద్దోను క్రీ.పూ. 672లో తన వారసుడికి విధేయులుగా ఉండాలని సామంతులతో చేయించుకున్న ప్రమాణ పత్రంలో శాపాల పట్టిక చాలా పొడుగు. ఆకాశం ఇత్తడి అవుతుంది, నేల ఇనుము అవుతుంది అనే పోలిక లాంటిదే అందులోనూ ఉంది. జనానికి తెలిసిన పత్రం రూపంలోనే దేవుడు మాట్లాడాడు. తేడా ఒక్కటే: ఇక్కడ రాజు అష్షూరు రాజు కాదు, ఐగుప్తు బానిసత్వం నుంచి ఊరికే విడిపించినవాడు.

ఆ దీవెనలు కూడా ఎంత ఇంటి దీవెనలో చూడండి. ఊళ్ళో దీవెన, పొలంలో దీవెన, కడుపు పంటకు దీవెన, గొడ్డూ గోదకు దీవెన, గంపకూ పిండి పిసికే తొట్టికీ దీవెన. శాపాల మధ్యలో 47వ వచనం ఒకటుంది, నన్ను బాగా కలవరపెట్టే వచనం. సమృద్ధి ఉన్న రోజుల్లో సంతోషంతో, హృదయానందంతో దేవుణ్ణి సేవించలేదు కాబట్టి అంటాడు. నేరం సంతోషం లేకపోవడం! అన్నీ ఉండి కూడా మొహం ముడుచుకుని పూజకు వచ్చే రోజున నాకు అది గుర్తొస్తుంది.

ఆ శాపాలు నిజంగా జరిగాయా?

జరిగాయి. సమరియ క్రీ.పూ. 722లో అష్షూరు చేతిలో పడింది. యెరూషలేము సుమారు క్రీ.పూ. 587లో బాబిలోను చేతిలో కాలిపోయింది. దానియేలు 9:11లో, మోషే ధర్మశాస్త్రంలో రాసిన శాపం మా మీద కుమ్మరించబడిందని ఒప్పుకుంటాడు.

కానీ లేఖనం అక్కడ ఆగదు. లేవీయకాండం 26లో శాపాలన్నీ అయ్యాక 44వ వచనంలో, శత్రువుల దేశంలో ఉన్నా నేను వాళ్ళను తోసిపుచ్చను, నా నిబంధన భంగం చేయను అంటాడు. ద్వితీయోపదేశకాండం 30లో, చెదిరిపోయినవాళ్ళను ఆకాశపు అంచుల నుంచైనా తిరిగి తెస్తానంటాడు. 28 చదివి 30 చదవకుండా పుస్తకం మూసేయడం, డాక్టరు చెప్పిన రోగం పేరు విని మందు చీటీ అక్కడే వదిలేసి రావడం లాంటిది.

ఏదెను తోటలో దేవుడు ఆదామును, ఏవను శపించాడు కదా?

ఆదికాండం 3 నెమ్మదిగా చదవండి. శపించింది పామును, నేలను. "నీ వల్ల నేల శాపగ్రస్తమైంది" అంటాడు. ఏవకు ప్రసవ వేదన, ఆదాముకు చెమటోడ్చి తినే కూడు, చివరికి మట్టిలో కలవడం, ఈ కష్టాలన్నీ వచ్చాయి. అవి తక్కువేమీ కావు. కానీ "నువ్వు శపించబడ్డావు" అన్న మాట వాళ్ళిద్దరిలో ఎవరి పేరు మీదా రాలేదు. పాముతో మాట్లాడుతున్న వాక్యంలోనే స్త్రీ సంతానం దాని తల చితకగొడుతుందన్న మొదటి శుభవార్త ఉంది. తర్వాత చర్మపు చొక్కాలు కుట్టి తొడిగిందీ ఆయనే.

వంశ శాపం ఉందా? తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు అని ఆజ్ఞల్లోనే ఉంది కదా?

నిర్గమకాండం 20:5 అది. ఎక్కువమంది బాధ ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నాకు తెలిసిన ఒకావిడకు వరసగా రెండు గర్భాలు నిలవలేదు. ఎవరో ప్రార్థన చేసేవాళ్ళు వచ్చి, "మీ అత్తగారి తాత చేసిన విగ్రహారాధన మీ కడుపుకు అడ్డం పడింది" అని చెప్పి, ఏడు వారాల ప్రార్థనలు, ప్రతి వారం కానుక అన్నారట. ఆవిడ తాళిబొట్టు గొలుసు తాకట్టు పెట్టింది. ఆ చీటీ తెచ్చి నా ముందు పెట్టినప్పుడు నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి.

ఆ వెంటనే 6వ వచనంలో "వేయి తరాల వరకు" కరుణ చూపిస్తానని కూడా ఉంది. మూడు, నాలుగు తరాలంటే ఆ రోజుల్లో ఒకే ఇంట్లో బతికే మనుషులు: తాత, కొడుకు, మనవడు, ముని మనవడు. తాత తాగి ఇల్లు గుల్ల చేస్తే దెబ్బ మనవడి దాకా తగులుతుందని మనకు బైబులు చెప్పక్కర్లేదు, పక్కింట్లో కనిపిస్తుంది. దెబ్బ తగులుతుంది, నేరం మాత్రం అంటదు. "తండ్రులు పుల్లని ద్రాక్షలు తిన్నారు, పిల్లల పళ్ళు పులిశాయి" అనే సామెత ఇక ఇశ్రాయేలులో పలకకూడదని యెహెజ్కేలు 18 మొత్తం అధ్యాయం చెబుతుంది. కొడుకు తండ్రి దోషాన్ని మోయడు. యిర్మీయా 31:29-30లోనూ ఇదే ఉంది. ద్వితీయోపదేశకాండం 24:16 దీన్ని చట్టంగానే రాసింది.

"మరి జన్మపాపం?" అని అడుగుతారు. శ్రీసభ (కథోలిక సంఘం) సత్యోపదేశ గ్రంథం 405వ పేరా స్పష్టంగా చెబుతుంది: ఆదాము సంతతిలో ఎవరికీ జన్మపాపం వ్యక్తిగత అపరాధం కాదు. అది గాయపడిన స్వభావం. జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఆ పాపాన్ని తుడిచేస్తుంది, బలహీనత మాత్రం పోరాటానికి మిగులుతుంది. జ్ఞానస్నానం పొందిన బిడ్డ మీద ముత్తాత పాపం ఇంకా వేలాడుతోందని చెప్పడం జ్ఞానస్నానాన్నే తక్కువ చేయడం. "వంశవృక్ష స్వస్థత" పేరుతో జరిగే ప్రార్థనలను స్పెయిన్ పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2024లో ఈ కారణంతోనే తప్పుబట్టింది.

పూర్వికుల కోసం ఏం చేయవచ్చు? పూజ పెట్టించండి, మరణించినవారి కోసం ప్రార్థించండి. అది వాళ్ళ మీద ప్రేమతో చేసేది, వాళ్ళ నుంచి తప్పించుకోవడానికి చేసేది కాదు. గర్భం నిలవకపోతే మంచి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఫాదర్ గారి దగ్గర దీవెన తీసుకోండి. రెండూ చేయండి.

"ఉసురు తగులుతుంది" అంటారు. అది మూఢనమ్మకమా?

మన తెలుగు మాటల్లో లేఖనానికి చాలా దగ్గరగా ఉన్న మాట ఇదేనని నేను అనుకుంటాను. నిర్గమకాండం 22:22-24లో, విధవరాలినీ తండ్రి లేని బిడ్డనూ బాధపెడితే వాళ్ళు నాకు మొరపెడతారు, నేను తప్పక వింటాను అంటాడు దేవుడు. ప్రొటెస్టెంటు బైబులులో లేని, మన కథోలిక బైబులులో ఉన్న సీరా జ్ఞానగ్రంథం 4వ అధ్యాయం మరీ సూటిగా చెబుతుంది: పేదవాడు మనసు నొచ్చుకుని నిన్ను శపిస్తే వాడి సృష్టికర్త వాడి మొర ఆలకిస్తాడు.

కాబట్టి ఉసురు ఉంది. అయితే అది గాల్లో తిరిగే శక్తి కాదు, దేవుని చెవి. కూలి డబ్బులు ఎగ్గొట్టినవాడు, చిట్టీ డబ్బు మింగినవాడు, పనిమనిషి జీతం కోసినవాడు నిమ్మకాయలు కట్టుకుని లాభం లేదు. ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి. పాపసంకీర్తనంలో, అంటే పాపాలు ఒప్పుకునేటప్పుడు, గురువు అడిగేది కూడా అదే, తీసుకున్నది తిరిగిచ్చావా అని.

రెండో వైపు కూడా ఉంది. ఏ తప్పూ చేయని మనిషి మీద ఎవరో పగబట్టి శాపనార్థాలు పెడితే? సామెతలు 26:2: కారణం లేని శాపం ఎగిరిపోయే పిచ్చుక లాంటిది, వచ్చి వాలదు. మోయాబు రాజు బాలాకు డబ్బు ఆశ చూపి బిలాము అనే సోదెగాణ్ణి పిలిపించి ఇశ్రాయేలును శపించమన్నప్పుడు, బిలాము నోట దీవెనలే వచ్చాయి. "దేవుడు శపించనివాణ్ణి నేనెలా శపించను?" అన్నాడు (సంఖ్యా. 23:8).

చేతబడి, దిష్టి సంగతి?

గుమ్మానికి గుమ్మడికాయ, కారుకు నిమ్మకాయ మిరపకాయలు కట్టే ఇళ్ళు మన విచారణల్లోనూ (ఒక్కో గుడి పరిధిలోనూ) ఉన్నాయి. మొహమాటపడకుండా చెబుతున్నా, వద్దు. సోదె, మంత్రతంత్రాలు రెండూ విశ్వాసానికి విరుద్ధమని సత్యోపదేశం 2116, 2117 పేరాలు చెబుతాయి. చేతబడి విప్పించడానికి ఇంకో మంత్రగాడి దగ్గరికి వెళ్ళడం కూడా అందులోకే వస్తుంది. దీవించిన నీళ్ళు చల్లుకోండి, జపమాల చెప్పుకోండి, సిలువ గుర్తు వేసుకోండి. దయ్యాలు వెళ్ళగొట్టే అధికారిక ప్రార్థన పీఠాధిపతి గారి అనుమతి ఉన్న గురువు మాత్రమే చేయాలి. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, ఎప్పుడూ టెన్షన్ ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. శ్రీసభ కూడా ముందు అదే చూడమంటుంది.

2024 వరదలు బెజవాడకు శాపమా?

బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచిన తర్వాత ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. గోడ మీద బురద గీత మనిషి ఛాతీ ఎత్తున ఉన్న ఇంట్లో, తడిసి ఉబ్బిపోయిన యేసు తిరుహృదయ పటం చేతిలో పట్టుకుని ఒకాయన అడిగాడు: "మేమేం పాపం చేశామండీ?"

యేసు దగ్గరికి కూడా ఈ ప్రశ్న వచ్చింది. సిలోయములో బురుజు కూలి 18 మంది చచ్చిపోయారు. వాళ్ళు యెరూషలేములో మిగతా అందరికన్నా పాపులనుకుంటున్నారా? కాదు, అన్నాడాయన (లూకా 13:4-5). వెంటనే, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, పాపం ఎవరిది, వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, ఇద్దరిదీ కాదన్నాడు (యోహాను 9:3). కష్టం వచ్చిందంటే పాపం చేసినట్టే అన్న యోబు స్నేహితుల లెక్కను కొట్టేయడానికే యోబు గ్రంథం మొత్తం ఉంది.

ఇశ్రాయేలు ఒక జాతిగా సీనాయి నిబంధన కిందకు వచ్చింది, ఆ జాతి చరిత్రను ప్రవక్తలు ఆ నిబంధన వెలుగులో చదివారు. విజయవాడకు అలాంటి ప్రవక్తను దేవుడు పంపలేదు. మునిగిన ఇంటివాణ్ణి చూసి "శాపం" అనే అధికారం మనకు లేదు. మనుషులు చేసినది మాత్రం ఉంది. వాగు దారి ఆక్రమించడం, కట్టలు పట్టించుకోకపోవడం, వీటికి లెక్క చెప్పాల్సినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పాపానికి ఫలితం వేరేవాళ్ళు అనుభవించారు.

పాపానికి శిక్ష ఉందని మరి శ్రీసభే చెబుతుంది కదా?

చెబుతుంది. సత్యోపదేశం 1472వ పేరా ప్రకారం, ఆ శిక్షను దేవుడు బయట నుంచి తీర్చుకునే పగగా చూడకూడదు, అది పాప స్వభావంలో నుంచే వస్తుంది. నిప్పు పట్టుకుంటే చేయి కాలుతుంది. ఎవరో వచ్చి కాల్చనక్కర్లేదు.

"తలగా ఉంచుతాడు గాని తోకగా ఉంచడు" అనే వాగ్దానం మనది కాదా?

కొత్త సంవత్సరం రాత్రి ఇచ్చే వాగ్దాన కార్డుల్లో, ఆటోల వెనక అద్దాల మీద, షాపు బోర్డుల మీద కనిపించే వచనం ఇది (ద్వితీయో. 28:13). అందమైన వచనమే. కానీ దాని వెనకే "ఈ ఆజ్ఞలు విని పాటిస్తే" అని ఉంది, ఆ సగం కార్డు మీద అచ్చు వేయరు.

ఇంకో సంగతి. ఆ దీవెనలు ధాన్యం, వాన, పశువుల భాషలో ఉన్నాయి. ప్రభువు కొండ మీద కూర్చుని దీవెన అన్న మాటకే కొత్త ముఖం ఇచ్చాడు. పేదవాళ్ళు ధన్యులు, ఏడ్చేవాళ్ళు ధన్యులు. లూకా 6లో నాలుగు ధన్యతలూ, వాటి వెంటనే "అయ్యో, ధనవంతులారా" అని నాలుగు హెచ్చరికలూ ఉన్నాయి. ప్యాకేజీ పెరిగితే దీవెన, ఉద్యోగం పోతే శాపం అని లెక్కవేస్తే, పశువుల పాకలో పుట్టి సిలువ మీద చనిపోయినవాణ్ణి ఏ లెక్కలో వేస్తాం?

డబ్బు, ఆరోగ్యం, పిల్లల చదువు కోసం అడగొద్దని కాదు. అడగండి. బెజవాడ గుణదలలో మరియతల్లి కొండ దగ్గర మనమందరం అడిగేవి అవే.

దశమభాగం ఇవ్వకపోతే శాపమని మలాకీ 3లో ఉంది. నిజమా?

మలాకీ మాట్లాడింది దేవాలయాన్ని, లేవీయులను ఎండబెడుతున్న జనంతో. కథోలికులకు పదో వంతు అనే నియమం లేదు. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు శ్రీసభ అవసరాలకు సాయపడాలన్నది నియమం. బెదిరించి తీసుకున్నది కానుక కాదు.

గుణదల కొండకు మొక్కుకుని తీర్చలేకపోయాను. మరియతల్లి శాపం తగులుతుందా?

1924లో ఫాదర్ ఆర్లాటి గారు ఆ కొండ మీద మరియతల్లి స్వరూపం పెట్టిన నాటి నుంచి ఎన్ని తరాలు ఆ మెట్లు ఎక్కాయో. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు తిరునాళ్ళలో కొబ్బరికాయలు, తలనీలాలు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చే తల్లుల్ని చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి. అందుకే ఈ ప్రశ్నకు మెత్తగా జవాబు చెప్పాలి.

తల్లి శపించదు. మొక్కు మాత్రం తేలిక విషయం కాదు. దేవునికి మాట ఇస్తే ఆలస్యం చేయవద్దని ద్వితీయోపదేశకాండం 23:21 చెబుతుంది, మొక్కుకోకపోతే పాపం లేదని ఆ పక్క వచనమే చెబుతుంది. నిజంగా తీర్చలేని పరిస్థితి ఉంటే, జబ్బో అప్పో, విచారణ గురువు సరైన కారణం చూసి సొంత మొక్కు నుంచి విడుదల ఇవ్వగలరు. శ్రీసభ చట్టంలోనే అది ఉంది. అంతకన్నా మంచిదో, దానికి సమానమైనదో అయిన పనిగా మీరే మార్చుకోవచ్చు కూడా. మోకాళ్ళు అరిగిపోయిన బామ్మ మెట్లెక్కలేక కింద నిలబడి జపమాల చెబితే, పైన ఉన్న తల్లికి వినబడదా?

"క్రీస్తు మన కోసం శాపమయ్యాడు" అంటే?

గలతీయులకు రాసిన లేఖ 3:13. మొత్తం విషయానికి ఇదే గుండెకాయ.

ముందు ఆదికాండం 15కు వెళ్ళాలి. దేవుడు అబ్రహాముతో నిబంధన చేసిన రాత్రి. పెయ్యను, మేకను, పొట్టేలును రెండుగా చీల్చి ఎదురెదురుగా పెట్టారు. హీబ్రూలో నిబంధన "చేయడం" అనరు, "కోయడం" అంటారు. ఆ ముక్కల మధ్యగా నడిచినవాడు, "మాట తప్పితే నాకూ ఇదే గతి" అని ఒప్పుకున్నట్టు. యిర్మీయా 34:18లో ఈ ఆచారం స్పష్టంగా ఉంది. ఆ రాత్రి అబ్రహాము గాఢనిద్రలో ఉన్నాడు. ముక్కల మధ్య నుంచి నడిచింది పొగలు కక్కే కుంపటి, మండే దివిటీ. అంటే దేవుడొక్కడే. శాపాన్ని ఇద్దరి తరఫునా తన మీద వేసుకున్నాడు.

మాట తప్పింది మనం. చీల్చబడింది ఆయన. మాను మీద వేలాడేవాడు శాపగ్రస్తుడన్న ద్వితీయోపదేశకాండం 21:23 మాటను పౌలు కల్వరికి తెచ్చి చూపిస్తాడు. వెంటనే 14వ వచనంలో, అబ్రహాముకు ఇచ్చిన దీవెన అన్యజనులకు, అంటే కృష్ణా గట్టున పుట్టిన మనకు అందడానికే ఇదంతా అంటాడు. తండ్రి కుమారుడి మీద కోపం తీర్చుకున్నాడని దీనికి అర్థం కాదు. కుమారుడు ప్రేమతో మన స్థితిలోకి దిగాడు, దాని అడుగు దాకా దిగాడు.

ప్రతి పూజలో గురువు పాత్ర ఎత్తి "నూతన, శాశ్వత నిబంధన రక్తం" అన్నప్పుడు ఏబాలు కొండ మీది బలిపీఠాన్ని తలుచుకోండి. అక్కడిలాగే ఇక్కడా బలి అయ్యాక భోజనం ఉంది.

అయితే ఇక భయపడాల్సింది ఏమీ లేదా?

ఉంది. మత్తయి 25లో "శపించబడినవారలారా, నా నుండి పొండి" అన్న మాట ప్రభువుదే. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టనివాళ్ళతో అంటాడు. అయోగ్యంగా ప్రభు శరీరం తీసుకునేవాడి గురించి 1 కొరింథీ 11 చదివాక, చావైన పాపంతో (తెలిసి చేసిన ఘోర పాపంతో) ఆ వరుసలో నిలబడే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. ముందు పాపసంకీర్తనానికి వెళ్ళండి.

నోవహు శాపం వల్ల కొన్ని జాతులు, కులాలు తక్కువ అయ్యాయా?

కాలేదు. ఆదికాండం 9:25లో నోవహు శపించింది కనానును. ఆ మాటను ఆఫ్రికావాళ్ళ మీద మోపి బానిసత్వాన్ని సమర్థించినవాళ్ళు లేఖనాన్ని వంచారు. మన దగ్గర పుట్టుకను బట్టి మనిషిని తక్కువ చేసినప్పుడు జరిగేదీ అదే వంచన. సమాధుల దగ్గర వేరు గోడలు, గుడిలో వేరు బెంచీలు కట్టుకున్న చరిత్ర మన దేశంలోని శ్రీసభకు ఉంది. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత విధానం ప్రకటిస్తూ ఆ వివక్షను ఒప్పుకుంది. "కెలాలా" అంటే తేలిక చేయడం అని పైన చెప్పాను. ఒక మనిషిని కులం పేరుతో తేలిక చేసినవాడు శపిస్తున్నాడు, అబ్రహాము దీవెనకు ఎదురు నిలబడుతున్నాడు.

యూదులు దేవుని శాపానికి గురైనవాళ్ళా?

కాదు. 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ మహాసభ, యూదులను దేవుడు తోసివేసినవాళ్ళుగా, శపించినవాళ్ళుగా చూపించకూడదని ప్రకటించింది. దేవుని పిలుపు వెనక్కి తీసుకునేది కాదని రోమా 11:29.

కీర్తనల్లో శత్రువులను శపించే మాటలు ఉన్నాయి. అవి ప్రార్థించవచ్చా?

గాయపడినవాడి కేకలు అవి. పగ తానే తీర్చుకోకుండా దేవుని చేతిలో పెట్టడం వాటిలో ఉంది. అయినా గురువులు, మఠకన్యలు రోజూ చెప్పే ఘడియల ప్రార్థనలో 58, 83, 109 కీర్తనలను శ్రీసభ పక్కన పెట్టింది. మనకు ప్రభువు ఆజ్ఞ, శపించేవారిని దీవించమని (లూకా 6:28).

కోపంలో మా అబ్బాయిని "నువ్వు బాగుపడవురా" అన్నాను. వాడు పరీక్ష తప్పాడు. నా నోటి మాట తగిలిందా?

తండ్రి దీవెన బిడ్డల ఇంటికి పునాది, తల్లి శాపం ఆ పునాదిని పెకలిస్తుందని సీరా గ్రంథం 3:9 అంటుంది. దేవుడు మీ కోపానికి పనివాడు కాడు, మీరన్నారని వాడి పేపరు దిద్దేచోట మార్కులు కోయడు. కానీ మీ మాట వాడి చెవిలో ఉండిపోతుంది. రోజూ విన్న పిల్లాడు చివరికి దాన్ని నమ్ముతాడు. పునాది కదిలేది అక్కడ. వాడి దగ్గరే క్షమాపణ అడగండి, నామోషీ పడకండి. పాపసంకీర్తనంలో కూడా చెప్పండి.

తర్వాత దీవించడం మొదలుపెట్టండి. దీవెన ఇవ్వడానికి ఫాదర్ గారే రావాలని లేదు. జ్ఞానస్నానం పొందిన ప్రతి ఒక్కరూ దీవెనగా ఉండడానికీ, దీవించడానికీ పిలవబడ్డారని సత్యోపదేశం 1669వ పేరా. మాటలు దొరకకపోతే సంఖ్యాకాండం 6:24-26 ఉన్నాయి, జనవరి 1న దేవమాత పండుగ పూజలో చదివేవే: ప్రభువు నిన్ను దీవించి కాపాడుగాక, తన ముఖ కాంతి నీ మీద ప్రకాశింపజేయుగాక, నీకు శాంతి ఇచ్చుగాక.

మొన్న బెజవాడ బస్టాండులో ఒక తల్లిని చూశాను. కొడుకు హైదరాబాదు బస్సు ఎక్కబోతున్నాడు, ఆమెకన్నా జానెడు పొడుగు. పచ్చడి సీసాల సంచి వాడి చేతికిచ్చి, మడమలెత్తి వాడి నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేయబోయింది, అందలేదు. వాడు చుట్టూ ఒకసారి చూసి, తల వంచాడు.